మూర ఎవరిది? పిల్లల ఒంటితోనే కొలతలు, నిష్పత్తులు నేర్పడం ఎలా

బస్టాండు దగ్గర పూలమ్మే అవ్వతో ఎప్పుడన్నా తగువు పడ్డారా? దండని తన మోచేతి దగ్గర ఆనించి, మధ్యవేలి కొస దాకా లాగి, చివర్లో వేళ్ళు కాస్త ముడిచి టక్కున తెంపుతుంది. ఎదురుగా ఆరడుగుల మనిషి నిలబడి "ఏందవ్వా, నా చేత్తో కొలువు" అంటే వినదు. పూలు ఆమెవి, మూర కూడా ఆమెదే.

నేను ఆరో తరగతికి కొలతలు మొదలుపెట్టేది ఈ తగువుతోనే. నెల్లూరు జిల్లాలో కావలి ఊరికీ సముద్రానికీ మధ్య ఒక సర్కారు బళ్ళో లెక్కలు చెబుతాను, పిల్లల్లో సగం మంది వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు, మిగతావాళ్ళు వరి మీదా రొయ్యల గుంటల మీదా బతికేవాళ్ళు. నిష్పత్తి–అనుపాతం పాఠం పుస్తకంలో ఉన్నట్టే చెప్పుకుంటూ పోతే వీళ్ళు లెక్కలు చేసేస్తారు, మార్కులూ వస్తాయి, కానీ ఒక మనిషి బొమ్మ ఇచ్చి "దీన్ని సగానికి కుదించి గియ్యి నాయనా" అంటే పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటారు. అదీ ఇదీ ఒకటే లెక్క అని వాళ్ళకి తెలియదు. తప్పు వాళ్ళది కాదు, ఆ రెంటికీ ముడి వేసి మనం చూపించలేదు. ఆ ముడి వెయ్యడానికి పిల్లల ఒళ్ళే చాలు. ఆరేడు పీరియడ్లు పడుతుంది. అందులో ఒక రోజు గది దాటి బయటికెళ్ళాలి, అది ముందే హెడ్మాస్టరుకి చెప్పి పెట్టుకోండి.

కావాల్సిన సామాను పెద్దగా ఏమీ లేదు. టైలరు టేపులు నాలుగు, ఒక పురికొస ఉండ, సుద్దముక్కలు, పాత క్యాలెండర్ అట్టలు, ఒక రాతి పలక. పలక ఎందుకో తర్వాత చెబుతా. టేపుల్ని మాత్రం ముందురోజు మీరే ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసుకోండి. బట్ట టేపు వాడగా వాడగా సాగుతుంది. ఒక ఏడాది మా దగ్గరున్న టేపుకి మొదటి అంగుళం తెగిపోయి ఉందని నేను గమనించలా, ఆ టేపు అందిన గుంపులో పిల్లలంతా ఒక్కసారిగా రెండున్నర సెంటీమీటర్లు పెరిగిపోయారు. ఆ రోజు పీరియడ్ మొత్తం "ఎందుకిట్టా వచ్చింది" అని వెతకడంతోనే సరిపోయింది. నిజం చెప్పాలంటే అది కూడా మంచి పాఠమే, కాకపోతే అనుకుని చెప్పింది కాదు. చెక్క స్కేలుతో ఇంకో చిక్కు: సున్నా గీత స్కేలు అంచున ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది. సగం మంది అంచు నుంచి కొలుస్తారు, కొందరు 1 నుంచి మొదలుపెడతారు. మొదటి రోజే ఇది చూపించండి.

ఇంకొకటి, సామాను కన్నా ముఖ్యం. ఒళ్ళు కొలవడం అంటే పిల్లలకి సరదానే, కానీ ఏడుపు తెప్పించగల పని కూడా. బరువు, నడుం, ఛాతీ ఈ మూడూ అసలు ముట్టుకోవద్దు. ఎత్తు, బార (రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా), మూర, జాన (చాపిన బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా), పాదం, మోకాటి ఎత్తు, తల (గడ్డం నుంచి నడినెత్తి దాకా), ఇవి చాలు. ఆడపిల్లల్ని ఆడపిల్లలు, మగపిల్లల్ని మగపిల్లలు కొలవాలి. బోర్డు మీద పేర్లు రాయొద్దు. నేను చీటీల మీద అంకెలు వేసి తలా ఒకటి తీయమంటాను, బోర్డు మీద ఆ అంకే ఉంటుంది, ఎవరిది ఏదో వాళ్ళకి తప్ప ఇంకొకరికి తెలియదు. ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టి అందరి ముందూ పొట్టి, పొడుగు అనొద్దు. చెయ్యి పూర్తిగా చాపలేని బిడ్డ గానీ కాలు సరిగా లేని బిడ్డ గానీ ఉంటే ముందురోజే పక్కకి పిలిచి ఏం చెయ్యబోతున్నామో చెప్పి, ఏది కొలుద్దాం అని వాళ్ళనే అడగండి. "నువ్వు రాసుకో, వాళ్ళు కొలుస్తారు" అని మూల కూర్చోబెట్టొద్దు.

మొదటి రోజు: తగువు పెట్టండి

ఒక బెంచీని గది మధ్యలోకి లాగించండి. "ఇది ఎన్ని మూరలుంది?" అని అడగండి, అంతే. మూర అంటే మోచేతి ఎముక నుంచి మధ్యవేలి కొస దాకా అని చూపించండి, అంతకు మించి చెప్పొద్దు. ఒక్కొక్కరే వచ్చి కొలుస్తారు. మా గదిలో బెంచీ ఆరడుగులది, అంటే 183 సెంటీమీటర్లు. 38 సెంటీమీటర్ల మూర ఉన్న పాప కొలిస్తే అయిదు మూరలకి కాస్త తగ్గుతుంది, 45 ఉన్న నేను కొలిస్తే నాలుగు మూరలు. బోర్డు మీద అన్ని జవాబులూ రాయండి. "ఎవరిది కరెక్ట్ సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు చెప్పొద్దు. "పూలవ్వ దగ్గరికి పోయి కొనేటప్పుడు మీకు ఎవరి మూర కావాలి, అమ్మేటప్పుడు ఎవరి మూర కావాలి?" అని అడగండి. కొనడానికి సార్ మూర, అమ్మడానికి చంటోడి మూర అని వెంటనే చెబుతారు. బేరం తెలియని పిల్లలు మన దగ్గర ఎక్కడున్నారు.

అదే రోజు మిగతా కొలతలు కూడా వాళ్ళ నోటితోనే రప్పించండి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. బెత్త అంటే నాలుగు వేళ్ళ వెడల్పు, పాత లెక్క ప్రకారం మూడు బెత్తలు ఒక జాన, రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలకి బార గురించి మీరు చెప్పాల్సిన పని లేదు, తాడు కొలవాలన్నా నీళ్ళ లోతు చెప్పాలన్నా వాళ్ళ నాయనలు వాడేది అదే. ఒకసారి ఒక పిల్లోడి నాయనని బడికి పిలిపించి తాడు కొలిచి చూపించమన్నా. రెండు చేతులూ బార్లా చాపి, గుండె మీదుగా తాడు లాగుతూ చకచకా పన్నెండు బారలు లెక్కపెట్టేశాడు, తర్వాత మేం టేపుతో కొలిస్తే ఒక్కో బారకీ ఇంకో బారకీ తేడా నాలుగు వేళ్ళు కూడా లేదు. పిల్లలు అంతసేపు నోరు తెరుచుకుని చూడటం నేను మళ్ళీ చూడలా. వీలయితే మీరూ పిలిపించండి. నాట్లేసే అమ్మ గానీ, తాపీ పని చేసే మామ గానీ, ఎవరయినా సరే.

రెండో రోజు: వేళ్ళు లెక్కపెట్టించండి

అసలు మలుపు ఇక్కడుంది, తొందరపడొద్దు. ముందురోజు "ఎవరి మూర వాళ్ళది, లెక్క కుదరదు" అనే దగ్గర ఆపాం కదా. ఇప్పుడు పురికొస ముక్కని ఒక్కొక్కరి మూరకి సమానంగా తెంపించండి. ఆ పురికొస మీద వాళ్ళ వేళ్ళే అడ్డంగా ఆనించుకుంటూ ఎన్ని వేళ్ళు పడతాయో లెక్కపెట్టమనండి. నాలుగు వేళ్ళు కలిపి ఆనిస్తే తొందరగా అవుతుంది, అట్టా ఆరు సార్లు. వేళ్ళు మరీ బిగించొద్దు, మరీ వదలొద్దు.

పొట్టి పిల్లలకి 24 దగ్గర్లో వస్తుంది. పొడుగు పిల్లలకీ 24 దగ్గర్లోనే వస్తుంది. మీరు కూడా ఆనించి చూపించండి, మీకూ అంతే. ఒకరికి 23, ఒకరికి 25 రావచ్చు, కొంతమందికి ఇంకో వేలు అటూ ఇటూ. కానీ నిన్న నాలుగు నుంచి అయిదు మూరల దాకా కొట్టుకున్న గది ఇవాళ ఒకే అంకె చుట్టూ మూగుతుంది. అప్పుడు చెప్పండి, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా హస్తం అంటే 24 అంగుళాలని ఉంది, ఆ అంగుళం అంటే వేలి వెడల్పు, ఎనిమిది యవ (బార్లీ) గింజలు పక్కపక్కన పెట్టినంత. ఇప్పటి ఇంచీ వేరు, మనం దానికీ అంగుళం అనే పేరే పెట్టుకున్నాం కాబట్టి పిల్లలు తికమకపడతారు, ఈ మాట తప్పకుండా చెప్పాలి. శిల్పం చెక్కేవాళ్ళ తాళమానం కూడా ఇదే దారి: ముఖం పొడుగు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు, తొమ్మిది తాళాల బొమ్మ అంటే 108 అంగుళాలు. విగ్రహం జానెడు ఉన్నా తాటిచెట్టంత ఉన్నా ఆ 108 మారదు, అంగుళం సైజు మారుతుంది. పిల్లలకి ముఖం–చెయ్యి సంగతి అక్కడికక్కడే చూపించొచ్చు: మణికట్టు గడ్డానికి ఆనించి అరచెయ్యి ముఖం మీద పెట్టుకుంటే మధ్యవేలు సుమారుగా జుట్టు మొదలయ్యే చోటికి చేరుతుంది. నవ్వుతూ చేస్తారు. పక్కవాడి ముఖం మీద పెట్టి చూసి, సరిపోలేదని గోల చేస్తారు. చెయ్యనివ్వండి, అదే కదా మనకి కావాల్సింది.

ఈ పీరియడ్ చివర్లో బోర్డు మీద రెండే ముక్కలు రాయండి: మూర మారింది. మూరలో వేళ్ళు మారలేదు. నిష్పత్తి అనే మాట మొదటిసారి ఇక్కడ వాడండి, అంతకు ముందు వాడొద్దు.

మూడో రోజు: ఒంటి కొలతల చీటీ

ఒక్కొక్కరికీ క్యాలెండర్ అట్ట ముక్క ఇచ్చి, వాళ్ళ కొలతలు సెంటీమీటర్లలో రాయించండి: వేలి వెడల్పు, బెత్త, జాన, మూర, బార, పాదం, మోకాటి ఎత్తు, తల, ఎత్తు. ప్రతిదీ మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకోమనండి. మధ్యగతం అంటే ఏందో పేరు పెట్టకుండానే వాళ్ళకి వచ్చేస్తుంది.

ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడాలి. పలక ఇక్కడ పనికొస్తుంది. పలక ఒక అంచు గోడకి బిగించి, కింది అంచు నెత్తి మీదికి దించితే లంబకోణం దానంతటదే కుదురుతుంది, స్కేలు అయితే వంగిపోయి ఒకసారి పైకీ ఒకసారి కిందికీ చూపిస్తుంది. మార్కాపురం రాతి పలక మా బళ్ళో ఇంకా ఒకటి మిగిలుంది, ఇప్పుడు దానికి ఇదే ఉద్యోగం. మీ దగ్గర లేకపోతే గట్టి అట్టపెట్టె మూల కూడా సరిపోతుంది. బార కొలవడానికి వీపు గోడకి ఆనించి, చేతులు భుజాల ఎత్తున చాపి, అటొకరు ఇటొకరు వేలికొస దగ్గర సుద్ద గీత పెట్టాలి. ఎదురుగా టేపు పట్టుకుని ఛాతీ మీదుగా కొలవొద్దు, టేపు వంకర తిరిగి ఎక్కువ చూపిస్తుంది, ఆడపిల్లలకి ఇబ్బంది కూడా.

చీటీ అయ్యాక దాన్ని జేబులో పెట్టుకుని వారం రోజులు ఎక్కడికి పోతే అక్కడ వాడాలి. తలుపు, కిటికీ, సైకిలు, బావి గట్టు, ఇంటి అరుగు. ముందు అంచనా, తర్వాత ఒంటితో కొలత, తర్వాత టేపు. మూడు గడుల్లో రాసుకు రమ్మనండి. మొదటి రెండు రోజులు అంచనాలు ఎంత అన్యాయంగా ఉంటాయో, నాలుగో రోజుకి ఎంత దగ్గరికొస్తాయో వాళ్ళే చూసుకుంటారు.

నాలుగో రోజు: ఏడు అంకణాల గది పదమూడు అంకణాలయిన కథ

ఇది నెల్లూరోళ్ళకే కుదిరే పాఠం. మన దగ్గర ఇంటి స్థలం అంటే అంకణాలే, ఒక అంకణం 72 చదరపు అడుగులు, గజాల్లో ఎనిమిది. తిరుపతి వైపు పోతే అదే మాటకి 36 చదరపు అడుగులు. ఒకే పేరు, సగానికి సగం తేడా. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, "అందరికీ ఒకే కొలత ఎందుకు" అని మనం అడగనక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు.

మా గది పొడవు 24 అడుగులు, వెడల్పు 21. అంటే 504 చదరపు అడుగులు, సరిగ్గా ఏడు అంకణాలు. ఈ సంగతి ముందు చెప్పకుండా, 22 సెంటీమీటర్ల పాదం ఉన్న పిల్లని మడమకి వేలు ఆనించుకుంటూ అడుగులో అడుగేసి నడిపించా. పొడవు 33 అడుగులొచ్చింది, వెడల్పు 29. హెచ్చవేస్తే 957. దాన్ని 72తో భాగిస్తే పదమూడు అంకణాలు దాటింది. గది ఒకటే, ఒక్క ఇటుక కదల్లేదు. "అట్టయితే సార్, మా నాయన ఎకరం రెండెకరాలు అవుద్ది!" అన్నాడు వెనక బెంచీ వాడు. నవ్వులయ్యాక అడిగా: పాదం ఎంత తేడా? టేపు అడుగు 30న్నర సెంటీమీటర్లకీ పాప పాదం 22కీ, ఒకటిన్నర రెట్లు కూడా లేదే, మరి స్థలం దాదాపు రెండింతలు ఎందుకయింది?

ఇక్కడ ఆగండి. జవాబు మీరు చెప్పేస్తే పీరియడ్ వృథా. గచ్చు మీద ఒక సొంత అడుగు చదరం, పక్కన టేపు అడుగు చదరం సుద్దతో గీయించండి. పొడవులోనూ తగ్గింది, వెడల్పులోనూ తగ్గింది అని ఎవరో ఒకరు పట్టుకుంటారు, కొన్నిసార్లు ఆ పీరియడ్‌లో కాదు, మర్నాడు పొద్దున ప్రేయర్‌కి వచ్చి చెబుతారు.

ఆ తర్వాతే ప్రమాణాల కథ చెప్పండి, క్లుప్తంగా. మన దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు అమల్లోకి రావడం మొదలయింది. మీటరు ఇప్పుడు ఏ రాజు చేతి మీదా ఆధారపడదు, వెలుగు శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరం, 1983 నుంచి అదీ లెక్క. ఇంత చెప్పాక కూడా పిల్లలు సాయంత్రం ఇంటికెళ్తే నాయన పుట్టి లెక్కనే వడ్లు అమ్ముతుంటాడు, మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, ఇంకో జిల్లావాడికి ఆ లెక్క చెబితే బిత్తరపోతాడు. చట్టం వచ్చినంత మాత్రాన పాత కొలత పోదు, పక్కన కూర్చుంటుంది.

అయిదో రోజు: బార, ఎత్తు

చీటీల్లోంచి ఎత్తు, బార రెండే తీసుకుని బోర్డు మీద పెద్ద పట్టిక వేయండి. బారని ఎత్తుతో భాగించమనండి, రెండు దశాంశ స్థానాల వరకు. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదటి ఏడాది ఉత్సాహం ఆపుకోలేక "మనిషి బార, ఎత్తు సమానం, లియొనార్డో డావిన్చీ కూడా వృత్తంలో మనిషి బొమ్మ వేసి చూపించాడు" అని ముందే చెప్పేశా. పట్టిక చూస్తే అందరికీ 1.00. ఒక్కరికీ తేడా లేదు. సార్ చెప్పిన జవాబు రావాలని టేపు అటు లాగీ ఇటు వదిలీ తెప్పించేశారు పాపం. అందుకని ముందు చెప్పొద్దు. "ఎంత వస్తుందో నాకూ తెలియదు, చూద్దాం" అనండి, అబద్ధమే, పర్లేదు.

నిజంగా కొలిస్తే ఎక్కువమందికి 0.96 నుంచి 1.04 మధ్యలో పడుతుంది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఎత్తు, నిలువుగా బార తీసుకుని ఒక్కొక్కరూ వచ్చి తమ చుక్క పెట్టాలి. చుక్కలు గీత మీద పడవు, గీత చుట్టూ తేనెటీగల్లా మూగుతాయి. ఆ గుంపు మధ్యగా దారం లాగి పట్టుకుంటే అనుపాతం కంటికి కనిపిస్తుంది. దూరంగా పడ్డ చుక్కని "తప్పు" అనొద్దు, మళ్ళీ కొలవండి, మళ్ళీ అక్కడే పడితే ఆ బిడ్డ అంతే.

అప్పుడు పాత లెక్క కూడా పరీక్షకి పెట్టండి: బారకి నాలుగు మూరలని కదా పెద్దవాళ్ళు అన్నది? భాగిస్తే నాలుగు నిండదు, మూడు ముప్పాతిక చుట్టూ తిరుగుతుంది. మూరకి రెండు జానలంటే రెండు దాటి కాస్త మిగులుతుంది. "పెద్దోళ్ళు తప్పు చెప్పారా సార్?" అంటారు. తప్పు కాదు, సంతలో నిలబడి దశాంశాలు ఎవరు వేస్తారు, గుర్తుండే అంకె కావాలి.

ఆరో రోజు: సగం మనిషి

నా మటుకు ఈ వారం మొత్తంలో ఇదే బంగారం లాంటి పీరియడ్. పిల్లల్ని జట్లు చేసి, తమ బొమ్మని సరిగ్గా సగం ఎత్తుతో గచ్చు మీద సుద్దతో గీయమనండి. ఎట్టా గీయాలో చెప్పొద్దు.

చాలామంది ఏం చేస్తారంటే, ఎత్తు 140, సగం 70, అంటే 70 తీసెయ్యాలి. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత మిగతా వాటిలోంచి కూడా 70 తీసెయ్యడం మొదలుపెడతారు. మోకాటి ఎత్తు 40, అందులోంచి 70 పోతే? తల 21, అందులోంచి 70 పోతే? "మైనస్ 49 వస్తంది సార్, తల భూమిలోకి పోతంది!" నేను ఎన్ని లెక్కలు చెప్పినా రాని అర్థం ఆ మైనస్ తలతో వచ్చేసింది. తీసెయ్యడం వేరు, భాగించడం వేరు. తల 10న్నర, మోకాలు 20, మూర 18న్నర, అప్పుడే బొమ్మ మనిషిలా ఉంటుంది.

రెట్టింపు బొమ్మతో కూడా ఇదే ఆట ఆడించండి. అన్నిటికీ 140 కలిపితే మనిషి 280, తల 161. సగం కన్నా ఎక్కువ తలే. దాన్ని గీయించండి, నవ్వి నవ్వి చస్తారు, మర్చిపోరు. తెలివైన పిల్లలెవరన్నా "చంటిబిడ్డకి తల అట్టాగే పెద్దగా ఉంటది కదా" అంటే వదలొద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ ఎత్తులో తల నాలుగో వంతు, పెద్దవాళ్ళలో ఏడో వంతో ఏడున్నరో వంతో. మధ్యలో ఉన్న వీళ్ళకెంతో వీళ్ళ చీటీలోనే ఉంది, భాగించుకుంటే సరి. మనిషి పెరగడం అంటే బొమ్మని జిరాక్సులో పెద్దది చేసినట్టు కాదన్నమాట, ఒక్కో భాగం ఒక్కో వేగంతో పెరుగుతుంది.

బయటికెళ్ళే రోజు: ఇసకలో అడుగు

సముద్రం దగ్గరున్నవాళ్ళు అదృష్టవంతులు, లేకపోతే పెన్న ఇసక, అదీ లేకపోతే బడి ఆవరణలో తడి మన్ను చాలు. అల తగిలి వెనక్కి పోయిన గట్టి తడి ఇసక కావాలి, పొడి ఇసకలో అడుగు అచ్చు పడదు. లోతుకి ఎవర్నీ పోనివ్వొద్దు, గట్టున ఇద్దరు పెద్దవాళ్ళు కాపలా ఉండాలి.

అందర్నీ అటు తిప్పి నిలబెట్టి, ఒక్కరిని రహస్యంగా నాలుగడుగులు వేయించండి. మిగతావాళ్ళు వచ్చి మడమ నుంచి పొడుగు వేలి దాకా అచ్చు కొలవాలి, ఆ అడుగు వేసినవాళ్ళ ఎత్తెంతో చెప్పాలి, ఎవరో పట్టుకోవాలి. ఎట్టా? తమ చీటీల్లోంచి పాదం, ఎత్తు నిష్పత్తి తీసి తరగతి సగటు కట్టుకుని రావాలి. పాదం మనిషి ఎత్తులో సుమారు 15 శాతం ఉంటుంది, అంటే పాదాన్ని ఆరున్నర చిల్లరతో హెచ్చవేస్తే ఎత్తు. కానీ ఈ అంకె కూడా వాళ్ళ సగటులోంచే రావాలి, మీ నోట్లోంచి కాదు. ఒకసారి 23న్నర సెంటీమీటర్ల అచ్చు పడింది, అందరూ లెక్క కట్టి పొడుగు పిల్లల మీద పడ్డారు, చూస్తే వేసింది మధ్య ఎత్తు పిల్లోడు. వాడి పాదాలు వాడికన్నా ముందు పెరిగిపోయాయి. ఈ వయసులో అది మామూలే. నడిచిన అచ్చూ పరిగెత్తిన అచ్చూ ఒకటేనా అని కూడా కొలిపించండి, జారిన అచ్చు ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది.

అక్కడే ఉన్నారు కాబట్టి బొటనవేలి చిట్కా కూడా చెప్పేయండి. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి దూరంగా ఉన్న పడవ కొసకి ఆనించాలి. ఇప్పుడు తెరిచి ఉన్న కన్ను మూసి, మూసిన కన్ను తెరిస్తే వేలు పక్కకి దూకుతుంది. ఎన్ని పడవల పొడవు దూకిందో చూసి దాన్ని పదితో హెచ్చవేస్తే పడవ ఉన్న దూరం. పడవ 9 మీటర్లనుకుని, మూడు పడవలంత దూకితే 27, పదింతలు 270 మీటర్లు. కళ్ళ మధ్య దూరానికి చెయ్యి సుమారు పదింతలు ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. పిల్లోడి చెయ్యి పొట్టి, కానీ వాడి కళ్ళూ దగ్గరే. పున్నమి నాడు ఇదే పని పిడికిలితో చెయ్యమనండి: చాపిన చేతి పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు, సముద్రంలోంచి లేచిన చందమామ పిడికెడు ఎత్తు ఎక్కడానికి మన దగ్గర నలభై నిమిషాలు పడుతుంది. అన్నదీ తమ్ముడిదీ పిడికిలి వేరు, టైము మాత్రం ఇంచుమించు ఒకటే వస్తుంది, ఎందుకో ఈపాటికి వాళ్ళే చెబుతారు. సూర్యుడితో మాత్రం ఈ ఆట వద్దు, కళ్ళు పోతాయి.

ఇంటి పని

చివరిగా ఇంట్లో అందరి ఎత్తూ బారా కొలుచుకు రమ్మనండి, ఇష్టమున్నవాళ్ళవే. ఇది తప్పకుండా చేయించండి, ఎందుకంటే పోయినసారి ఒక పాప "మా అవ్వది తప్పొచ్చింది సార్, మూడుసార్లు కొలిచినా అంతే" అని భయపడుతూ చీటీ ఇచ్చింది. ఎత్తు 144, బార 152. మళ్ళీ కొలిచి తీసుకురా అనబోయి ఆగా. వయసు మీద పడ్డాక వెన్నుపూసలు దగ్గరపడి మనిషి ఎత్తు తగ్గుతుంది, చేతి ఎముకలు మాత్రం అంతే ఉంటాయి, అందుకే నిలబడలేని పెద్దవాళ్ళ ఎత్తు తెలుసుకోవడానికి డాక్టర్లు బార కొలుస్తారు. "అయితే మా అవ్వ ఒకప్పుడు ఇంత ఉండేదా?" అని ఆ పాప గోడ మీద 152 దగ్గర వేలు పెట్టి చూసుకుంది. ఇట్టాంటి చుక్కలు మీ గ్రాఫులో వస్తే కొట్టెయ్యకండి, ఇంకో రంగు పెన్నుతో పెట్టండి.